రేడియేషన్ చికిత్సలో కాంపెన్సేటర్: లెక్క, తయారీ, పరిమితులు

క్యాన్సర్ చికిత్స యంత్రం నుంచి వెలువడే కిరణపుంజం దాదాపు సమతలంగా ఉంటుంది. అది ప్రవేశించే శరీరం అలా ఉండదు. భుజాల దగ్గర మందంగా, మెడ దగ్గర సన్నగా, గడ్డం కింద ఒంపుగా, రొమ్ము దగ్గర గుండ్రంగా ఉంటుంది. కణజాలం తక్కువున్న చోట కిరణం పెద్దగా తరగకుండానే లోపలికి చేరుతుంది, కనుక అక్కడ మోతాదు పెరుగుతుంది. ఒక సెంటీమీటరు కణజాలం లోపిస్తే ఆ లోతులో మోతాదు కోబాల్ట్ గామా కిరణాలకు సుమారు 5 శాతం, 6 మెగావోల్టుల ఎక్స్‌రేలకు సుమారు 4 శాతం పెరుగుతుంది. తల, మెడలకు పక్కనుంచి ఇచ్చే ఫీల్డులో, అంటే ఒక దిశ నుంచి కిరణం పడే ప్రాంతంలో, భుజానికీ మెడకూ మధ్య ఐదారు సెంటీమీటర్ల తేడా మామూలే. అంటే ఒకే ఫీల్డులో ఒక చోట కణితికి సరిపడా మోతాదు అందుతుంటే, కొన్ని అంగుళాల అవతల వెన్నుపాముకు పాతిక శాతం దాకా అదనంగా పడవచ్చు. ఈ చికిత్సలో లక్ష్యం 66 నుంచి 70 గ్రే (శరీరం పీల్చుకునే మోతాదుకు కొలమానం). వెన్నుపాము క్షేమంగా భరించగలిగేది 45 నుంచి 50 గ్రే వరకే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న చోటు చాలా ఇరుకు.

లోపించిన కణజాలానికి బదులుగా, రోగి శరీరానికి దూరంగా, కిరణం వచ్చే దారిలో ఉంచే లోహపు లేదా మైనపు ముక్కే కాంపెన్సేటర్. శరీరం ఎక్కడ పల్చగా ఉందో అక్కడ అది మందంగా ఉంటుంది, శరీరం మందంగా ఉన్న చోట పల్చబడుతుంది. ఒక రోగికి, ఒక ఫీల్డుకు చేసింది మరొకరికి పనికిరాదు.

లోపాన్ని పూడ్చడానికి ఇంతకన్నా సులువైన దారి ముందునుంచీ ఉంది. మైనం గానీ, కణజాలంలాగే కిరణాన్ని పీల్చే మరో మెత్తని పదార్థం గానీ నేరుగా చర్మం మీద పరిచి పైభాగాన్ని చదును చేస్తే సరిపోతుంది. దీన్ని బోలస్ అంటారు. తక్కువ శక్తి గల పాత ఎక్స్‌రే యంత్రాల కాలంలో దానివల్ల పోయేదేమీ లేదు, ఎందుకంటే ఆ కిరణాల గరిష్ఠ మోతాదు ఎలాగూ చర్మం మీదే పడేది. 1951లో కెనడాలో కోబాల్ట్ యంత్రాలతో చికిత్స మొదలయ్యాక పరిస్థితి మారింది. కోబాల్ట్ కిరణాలకు గరిష్ఠ మోతాదు చర్మం కింద అర సెంటీమీటరు లోతున, 6 మెగావోల్టుల ఎక్స్‌రేలకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున పడుతుంది. చర్మం చాలావరకు తప్పించుకుంటుంది. కొత్త యంత్రాల వల్ల రోగికి కలిగిన పెద్ద మేలు ఇది. చర్మానికి ఆనించి బోలస్ పెడితే ఆ గరిష్ఠ మోతాదు మళ్లీ చర్మం మీదికే వచ్చి, కమిలిపోవడం, పొక్కడం తిరిగి మొదలవుతాయి. కణితి చర్మం దాకా పాకినప్పుడు వైద్యులు కావాలనే బోలస్ వాడతారు. మిగతా సందర్భాల్లో లోపాన్ని పూడ్చే పదార్థం చర్మానికి దూరంగా ఉండాలి.

ఆ పని ఎలా చేయాలో క్రమపద్ధతిలో చూపినవారు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన ఫ్రాంక్ ఎల్లిస్. కిరణాన్ని ఒక పక్కకు వాల్చే వెడ్జ్ ఫిల్టర్ల గురించి 1944లోనే మిల్లర్‌తో కలిసి ఆయన రాశారు. వెడ్జ్ ఒక దిశలోని వాలును మాత్రమే సరిచేయగలదు, శరీరం రెండు దిశల్లోనూ వంగుతుంది. 1959లో ఎల్లిస్, హాల్, ఆలివర్ ప్రచురించిన పద్ధతిలో ఫీల్డును చదరపు గళ్లుగా విభజించి, ప్రతి గడిలో ఎంత కణజాలం తక్కువైందో కొలిచి, దానికి సరిపడా ఎత్తున్న చిన్న లోహపు దిమ్మలను పళ్లెం మీద పేర్చేవారు. ఆ తర్వాత వచ్చిన పద్ధతులన్నీ ఈ ఆలోచనకు మెరుగులే. మెరుగైనవి మూడు: శరీరాన్ని కొలిచే తీరు, మందాన్ని లెక్కించే తీరు, లోహాన్ని మలిచే తీరు.

లెక్కలో మొదట వచ్చేది జ్యామితి. కిరణాలు ఒక చిన్న బిందువు నుంచి బయలుదేరి విచ్చుకుంటూ వస్తాయి. లీనియర్ యాక్సిలరేటర్‌లో ఆ బిందువు నుంచి చికిత్స కేంద్రానికి 100 సెంటీమీటర్లు. కాంపెన్సేటర్ ఉండే ట్రే 65 సెంటీమీటర్ల దగ్గర ఉందనుకుంటే, శరీరం మీద 10 సెంటీమీటర్లున్న ఒంపు ట్రే దగ్గర ఆరున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోవాలి. ఎల్లిస్ దిమ్మల అడుగు కొలత శరీరం మీది గడి కన్నా చిన్నగా ఉండటానికి కారణం ఇదే. అంచుల దగ్గర కిరణం ఏటవాలుగా వస్తుంది కనుక లోహంలో అది నడిచే దారి నిట్టనిలువు మందం కన్నా ఎక్కువ. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ప్రతి కిరణాన్నీ మూలం నుంచి విడిగా గీసి ఈ సవరణ చేస్తాయి.

రెండోది చెదిరే కిరణాల లెక్క, చిక్కంతా ఇక్కడే. లోపించిన 6 సెంటీమీటర్ల కణజాలానికి, అంతే మేరకు కిరణాన్ని పీల్చే పదార్థాన్ని ట్రే మీద పెడితే మోతాదు సరిపోవాలని మొదట అనిపిస్తుంది. నిజానికి అది తగ్గిపోతుంది. శరీరంలో ఉండే కణజాలం కిరణాన్ని పీల్చడంతో ఆగదు. తాను చెదరగొట్టిన కిరణాలను కింది పొరలకు పంపి, పోయినదాంట్లో కొంత భర్తీ చేస్తుంది. దూరాన ట్రే మీదున్న పదార్థం నుంచి చెదిరిన కిరణాలు చాలావరకు పక్కకు పోతాయి, రోగిని చేరవు. అందుకే కాంపెన్సేటర్ పూర్తి సమాన మందం కన్నా పల్చగా ఉండాలి. ఎంత పల్చగా అన్నది కిరణ శక్తి, ఫీల్డు పరిమాణం, లోతు, శరీరానికీ కాంపెన్సేటర్‌కూ ఉన్న దూరం మీద ఆధారపడుతుంది. చర్మానికి ఆనించి ఉంటే తగ్గింపు అక్కర్లేదు. దూరం పెరిగేకొద్దీ నిష్పత్తి తగ్గుతూ, 20 సెంటీమీటర్లు దాటాక సుమారు 0.7 దగ్గర కుదురుకుంటుంది. రోజువారీ పనికి దశాబ్దాల పాటు ఈ ఒక్క అంకె సరిపోయింది. 6 సెంటీమీటర్ల లోపానికి 0.7 చొప్పున 4.2 సెంటీమీటర్ల నీటికి సమానమైన మందం కావాలి. దాన్ని లోహపు సాంద్రతతో భాగిస్తే అల్యూమినియానికి సుమారు 1.6 సెంటీమీటర్లు, ఇత్తడికి అర సెంటీమీటరు, సీసానికి 4 మిల్లీమీటర్ల లోపు వస్తుంది. ఇది మొదటి అంచనా మాత్రమే. జాగ్రత్త గల విభాగం తన యంత్రంలో, తను వాడే లోహం గుండా కిరణం ఎంత దాటుతోందో వేర్వేరు మందాలకు కొలిచి, ఆ పట్టికనే వాడుతుంది.

స్థిరమైన నిష్పత్తితో చేసిన కాంపెన్సేటర్ ఒక లోతులోనే కచ్చితంగా సరిపోతుంది. ఎంచుకున్న ఆ లోతుకు పైన మోతాదు ఉండాల్సిన దానికన్నా కాస్త తగ్గుతుంది, కింద కాస్త పెరుగుతుంది. కనుక ఏ తలాన్ని సరిచేయాలో ముందే తేల్చుకోవాలి. అది వైద్యుడూ ఫిజిసిస్టూ కలిసి చేయాల్సిన నిర్ణయం, యంత్రానికి వదిలేసేది కాదు. కొందరు శరీరపు పైరూపాన్నే కాక లోపలి తేడాలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఊపిరితిత్తి గాలితో నిండి తేలికగా ఉంటుంది, ఎముక బరువుగా ఉంటుంది. సీటీ స్కాన్ లేకుండా ఆ సవరణ సాధ్యం కాదు.

శరీరాన్ని కొలవడానికి తొలిరోజుల్లో కదిలే కడ్డీల చట్రాన్ని రోగి మీద ఉంచి, ఒక్కో కడ్డీ ఎంత కిందికి దిగిందో చూసేవారు. మెత్తని తీగను చర్మం మీద వంచి ఆ రూపాన్ని కాగితం మీద గీయడం ఇంకా సులువు, కానీ అది ఒక్క అడ్డకోతనే ఇస్తుంది. తర్వాత చారల వెలుగును శరీరం మీద ప్రసరింపజేసి ఎత్తుపల్లాలను ఫొటో తీసే మొయిరే కెమెరాలు వచ్చాయి. సీటీ స్కాన్ ఆధారంగా ప్రణాళిక వేయడం మామూలయ్యాక ఈ పరికరాలన్నీ మూలకు చేరాయి. కొలత ఏ పద్ధతిలో తీసుకున్నా ఒక నియమం మాత్రం తప్పదు: కొలిచినప్పుడు రోగి ఎలా పడుకున్నాడో చికిత్స పొడవునా అలాగే పడుకోవాలి. వేడినీళ్లలో మెత్తబడి ముఖం మీద బిగుసుకునే ప్లాస్టిక్ మాస్కు లేకపోతే తల, మెడలకు చేసిన కాంపెన్సేటర్‌కు అర్థం లేదు. ఆరేడు వారాల చికిత్సలో రోగి బరువు తగ్గి మెడ సన్నబడితే, మొదటి రోజు కొలతతో చేసిన లోహం ఆ శరీరానికి సరిపోదు. తినడం కష్టమయ్యే ఈ రోగుల్లో అది తరచూ జరిగేదే.

తయారీలో అన్నిటికన్నా పాతదీ చవకైనదీ సీసపు రేకుల పద్ధతి. సమాన లోపం ఉన్న చోట్లను గీతలతో కలిపి, పర్వతాల పటంలోని ఎత్తు రేఖల్లాంటి ఆకారాలుగా రేకులు కత్తిరించి ఒకదానిపై ఒకటి అంటిస్తారు. మెట్లు మెట్లుగా వస్తుంది గానీ, రేకు పల్చనిదైతే ఆ మెట్ల ప్రభావం శరీరంలో చెదిరిపోయి పెద్దగా కనిపించదు. కత్తెర, జిగురు, ఓపిక ఉన్న, అచ్చులు తయారుచేసే మౌల్డ్ రూమ్‌లో దీన్ని ఒక పూటలో పూర్తి చేయవచ్చు.

తర్వాతి పద్ధతిలో థర్మోకోల్ దిమ్మలో గుంట తవ్వుతారు. కంప్యూటర్ నడిపే మిల్లింగ్ యంత్రం ఆ గుంటను కావలసిన లోతుకు చెక్కుతుంది. థర్మోకోల్ చాలా తేలిక కనుక కిరణానికి అడ్డు కాదు, గుంటను నింపిన పదార్థమే కాంపెన్సేటర్ అవుతుంది. నింపడానికి మైనంలో కలిపిన తగరపు గుళికలు, ఉక్కు గుళికలు వాడారు. కరిగిన సెరోబెండ్ పోయడం కూడా ఉంది. ఇందులో 50 శాతం బిస్మత్, 26.7 సీసం, 13.3 తగరం, 10 కాడ్మియం ఉంటాయి. ఇది దాదాపు 70 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, నూరు డిగ్రీల లోపు వేడిలో గట్టిగా ఉండే థర్మోకోల్‌లోకి పోసినా గుంట ఆకారం చెడదు. చికిత్స అయిపోయాక మళ్లీ కరిగించి ఇంకొకరికి పోయవచ్చు. ప్రమాదం ఉన్నది అందులోని సీసం, కాడ్మియంలలో. వేడి ఎక్కువైనా, గాలి బయటికి లాగే ఫ్యాను లేకపోయినా, చేతి తొడుగులు లేకుండా ముట్టుకున్నా నష్టపోయేది మౌల్డ్ రూమ్‌లో ఏళ్ల తరబడి పనిచేసే టెక్నీషియన్. కాంపెన్సేటర్ల గురించి రాసేటప్పుడు రోగి భద్రతకు దొరికే చోటు ఈ టెక్నీషియన్‌కు దొరకడం అరుదు. పోతలో మరో ఇబ్బంది గాలి బుడగలు. లోపల చిక్కుకున్న బుడగ పైకి కనిపించదు, ఆ చోట మోతాదు మాత్రం పెరుగుతుంది. గుళికల విషయంలోనూ అంతే, ఎంత దగ్గరగా సర్దుకున్నాయన్నదే సాంద్రతను నిర్ణయిస్తుంది.

మూడో దారి లోహాన్ని నేరుగా చెక్కడం. ఇత్తడి గానీ అల్యూమినియం గానీ తీసుకుని, ప్రణాళిక సాఫ్ట్‌వేర్ పంపిన ఫైలు ప్రకారం మిల్లింగ్ యంత్రం మలుస్తుంది. సాంద్రత ముందే తెలుసు, బుడగల భయం లేదు, విషవాయువుల బెడద లేదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో డాట్ డెసిమల్ అనే కంపెనీ ఆసుపత్రుల నుంచి ఫైళ్లు తీసుకుని, చెక్కిన కాంపెన్సేటర్లను పార్సిల్‌లో పంపే వ్యాపారాన్ని నిలబెట్టింది. ఈ పద్ధతికీ ఒక హద్దుంది: చెక్కే బిట్ ఎంత లావుంటే అంతకన్నా ఇరుకైన మూల రాదు. ట్రే దగ్గర 3 మిల్లీమీటర్ల గుండ్రదనం శరీరం దగ్గర నాలుగున్నర మిల్లీమీటర్లకు పైగా అవుతుంది. త్రీడీ ప్రింటర్లు వచ్చాక ప్లాస్టిక్ అచ్చు ముద్రించి దాన్ని లోహపు పొడితోనో, సన్నని గుళ్లతోనో నింపడం నాలుగో దారి అయింది.

ఏ లోహం ఎంచుకోవాలన్నది అలవాటుకు సంబంధించిన విషయంగా కనిపిస్తుంది గానీ, అది పొరపాటును ఎంత భరించగలమన్న ప్రశ్న. మందంలో ఒక మిల్లీమీటరు తప్పితే మోతాదు అల్యూమినియంలో సుమారు 1 శాతం, ఇత్తడిలో 3 నుంచి 4 శాతం, సీసంలో 5 శాతం మారుతుంది. రోగికి అందే మోతాదు మొత్తం మీద 5 శాతం లోపు కచ్చితంగా ఉండాలని అంతర్జాతీయ రేడియేషన్ యూనిట్ల కమిషన్ 1976లో సూచించింది. సీసంలో ఒక్క మిల్లీమీటరు తప్పు ఆ వాటా మొత్తాన్నీ మింగేస్తుంది. చేత్తో చేసే విభాగానికి తేలిక లోహం మేలు, కచ్చితమైన మిల్లింగ్ ఉన్నచోట ఇత్తడి మేలు. మరీ తేలికైన పదార్థం తీసుకుంటే ట్రే మీద పట్టనంత ఎత్తవుతుంది. అప్పుడు దాని రోగి వైపు కొస చర్మానికి దగ్గరగా వచ్చి మరో సమస్య తెస్తుంది. కిరణం లోహాన్ని తాకినప్పుడు ఎలక్ట్రాన్లు వెలువడతాయి. చర్మానికీ లోహానికీ మధ్య కనీసం 15 నుంచి 20 సెంటీమీటర్ల ఖాళీ లేకపోతే అవి చర్మాన్ని చేరి, కాంపెన్సేటర్ దేనికోసం పెట్టామో ఆ ప్రయోజనాన్నే దెబ్బతీస్తాయి.

లోహం కిరణాన్ని తగ్గించడమే కాక దాని స్వభావాన్నీ మారుస్తుంది. యాక్సిలరేటర్ ఎక్స్‌రేలలో అన్ని శక్తుల కిరణాలూ కలిసి ఉంటాయి. లోహంలో తక్కువ శక్తివి ముందు ఆగిపోయి, మిగిలిన పుంజం మరింత లోతుకు చొచ్చుకుపోతుంది. మందం ఎక్కువైన చోట ఈ తేడాను లెక్కలో చేర్చాలి. కోబాల్ట్ కిరణాల శక్తులు 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, రెండూ దగ్గర దగ్గరవే. అందుకే కోబాల్ట్ యంత్రంలో ఈ చిక్కు స్వల్పం.

పూర్తయిన కాంపెన్సేటర్ నేరుగా రోగి దగ్గరికి పోకూడదు. రోగి శరీరానికి బదులు వాడే, నీటి సాంద్రత గల ఫాంటమ్‌లో అయాన్ చాంబర్ అనే డిటెక్టర్ పెట్టి కేంద్రంలో మోతాదు కొలవాలి. ఫిల్మ్ మీదో, డిటెక్టర్ల పలక మీదో మొత్తం ఫీల్డు పంపిణీని ప్రణాళికతో పోల్చాలి. 3 శాతం, 3 మిల్లీమీటర్ల హద్దుతో, మోతాదులోనూ స్థానంలోనూ తేడాను కలిపి చూసే గామా పరీక్ష ఇందుకు విస్తృతంగా వాడుకలో ఉంది. ట్రే తానుగా పీల్చే కొద్ది శాతాన్ని కూడా సమయం లెక్కలో కలపాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా చివరి అడుగులో ప్రమాదం మిగిలే ఉంటుంది. కాంపెన్సేటర్‌ను తలకిందులుగా బిగించినా, కుడి ఫీల్డుది ఎడమకు పెట్టినా, ఒకరిది మరొకరికి వాడినా పల్చని చోట లోహం తగ్గి, మందమైన చోట పెరిగి, లోపం రెట్టింపవుతుంది. లోహం వెలుతురును ఆపేస్తుంది కాబట్టి, కిరణం పడే చోటును వెలుతురుతో చూపే లైట్ ఫీల్డుతో సరిచూసుకోవడానికి వీలుండదు. ఆ పరీక్ష బిగించకముందే ముగించాలి. అందుకే రోగి గుర్తింపు, ఫీల్డు సంఖ్య, పైవైపు బాణం లోహం మీదే చెక్కుతారు. ఒక్క దిశలోనే పట్టే గాడి ట్రేకు ఉండటం ఇంకా నమ్మకమైన రక్ష.

ఫీల్డులోని ఒక్కో భాగానికి ఒక్కో మోతాదు ఇచ్చే, కిరణ తీవ్రతను మార్చే రేడియోథెరపీ వచ్చినప్పుడు కాంపెన్సేటర్‌కు కొత్త పని దొరికింది. కంప్యూటర్ అడిగిన పటాన్ని ఇత్తడిలో చెక్కితే చాలు. అయితే అదే కాలంలో, 1990ల నుంచి, పదుల జతల టంగ్‌స్టన్ పలకలు వాటంతటవే కదిలే మల్టీలీఫ్ కాలిమేటర్లు వ్యాపించి, ధనిక దేశాల ఆసుపత్రుల్లో లోహపు కాంపెన్సేటర్‌ను పక్కకు నెట్టాయి. కారణం స్పష్టమే. పలకలు ఫీల్డు మారగానే కొత్త ఆకారం దిద్దుకుంటాయి. లోహపు ముక్క మార్చాలంటే టెక్నీషియన్ ప్రతి ఫీల్డుకూ గదిలోకి నడిచి వెళ్లాలి. ఏడు ఫీల్డుల చికిత్సకు ఏడు ముక్కలు, ఏడు నడకలు. పైగా 5 సెంటీమీటర్ల ఇత్తడి దాటాక కూడా ఆరోవంతు దాకా కిరణం మిగులుతుంది కనుక, పూర్తిగా కాపాడాల్సిన అవయవం మీద లోహం పలకల అంత గట్టిగా తలుపు మూయలేదు.

అయినా పోలిక ఏకపక్షం కాదు. కదిలే పలకల చికిత్సలో ఏ క్షణంలోనైనా ఫీల్డులో కొంత భాగమే తెరిచి ఉంటుంది. ఊపిరితో కణితి కదులుతుంటే పలకల కదలికకూ కణితి కదలికకూ పొంతన తప్పి, కొన్ని చోట్ల మోతాదు ఎక్కువ తక్కువలవుతుంది. కాంపెన్సేటర్ కింద ఫీల్డు మొత్తానికీ ఒకేసారి కిరణం అందుతుంది, ఈ సమస్యే రాదు. పలకల వెడల్పు అర సెంటీమీటరో సెంటీమీటరో ఉంటే ఆకారం మెట్లుగా వస్తుంది, చెక్కిన లోహం నునుపుగా ఉంటుంది. పలకలు సన్నని సందు గుండా కిరణాన్ని పంపుతాయి కనుక యంత్రం ఎక్కువసేపు నడవాలి, శరీరమంతటా చేరే లీకేజీ కూడా పెరుగుతుంది. కాంపెన్సేటర్‌కు అంత సమయం అక్కర్లేదు. ఇక విరిగే మోటారు గానీ, ఇరుక్కునే పలక గానీ ఇందులో లేవు. కరెంటు, విడిభాగాలు, సర్వీసు ఇంజినీర్లు నమ్మకంగా దొరకని చోట ఈ గుణం పెద్దది.

కొన్ని చికిత్సలు నేటికీ లోహాన్ని వదలలేదు. ఎముక మజ్జ మార్పిడికి ముందు శరీరమంతటికీ ఇచ్చే రేడియేషన్‌లో రోగి మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉంటాడు. తల, మెడ, కాళ్లు నడుము కన్నా సన్నం. మోతాదును 10 శాతం తేడాలో ఉంచాలంటే ఆ భాగాలకు ఎదురుగా అల్యూమినియం లేదా ఇత్తడి పలకలు పెట్టాలి, ఊపిరితిత్తులను విడిగా కాపాడాలి. ప్రోటాన్ చికిత్సలో కాంపెన్సేటర్ పని వేరు. ప్రోటాన్ ఒక నిర్ణీత లోతున ఆగిపోతుంది, కనుక అక్రిలిక్ లేదా మైనపు దిమ్మ కిరణం పరిమాణాన్ని కాక అది ఆగే చోటును మలుస్తుంది, కణితి వెనుక అంచుకు సరిపోయేలా. రోగి కాస్త జరిగినా కణితి అడుగు మిగలకుండా దిమ్మలోని లోతైన చోట్లను పక్కలకు కొంచెం విస్తరిస్తారు. సన్నని ప్రోటాన్ పుంజాన్ని చుక్కచుక్కగా జరిపే స్కానింగ్ యంత్రాలకు ఈ దిమ్మ చాలావరకు అక్కర్లేదు. 2019లో చెన్నైలో మొదలైన అపోలో ప్రోటాన్ కేంద్రం ఆ తరానిదే. ఎలక్ట్రాన్ చికిత్సకు మాత్రం చర్మం మీదే ఆనే, ఒక్కో రోగికి విడిగా చెక్కిన మైనపు బోలస్ ఉంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ పరిశోధకులు దాని లెక్కలను తీర్చిదిద్దారు.

కాంపెన్సేటర్ గురించి మళ్లీ గట్టిగా ఆలోచించాల్సిన చోటు కోబాల్ట్ యంత్రాలున్న దేశాలు, వాటిలో భారతదేశం ఒకటి. ఇక్కడ పొగాకు తెచ్చే నోరు, గొంతు క్యాన్సర్లు ఎక్కువ. చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే ఉత్తరాంధ్ర తీర గ్రామాల అడ్డపొగ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం వైద్య పరిశోధనల్లో దశాబ్దాల కిందటే నమోదైంది. కాంపెన్సేటర్ అవసరం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది సరిగ్గా ఈ తల, మెడ భాగంలోనే. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన భాభాట్రాన్ లాంటి దేశీయ కోబాల్ట్ యంత్రాలు యాక్సిలరేటర్ కొనలేని ఆసుపత్రులకు అందుబాటులో ఉన్నాయి. ఖరీదైన పలకల వ్యవస్థ లేకుండానే తీవ్రత మార్చే చికిత్స ఇవ్వడానికి, ప్లాస్టిక్ అచ్చులో టంగ్‌స్టన్ గుళ్లు నింపి, వాడాక వాటినే మరో అచ్చులో పోసే నమూనాలను పరిశోధకులు ప్రతిపాదించారు. ముక్కలను ఒక చక్రం మీద అమర్చి, టెక్నీషియన్ గదిలోకి వెళ్లకుండానే ఫీల్డులు మార్చే ఆలోచన కూడా వాటిలో ఉంది. ఇందులో కోబాల్ట్‌కు ప్రత్యేకమైన ఒక లెక్క మిగులుతుంది. దాని బలం 5.27 ఏళ్లకు సగమవుతుంది, కాంపెన్సేటర్ ఎలాగూ కిరణంలో కొంత తగ్గిస్తుంది. కొత్త మూలంతో కొద్ది నిమిషాల్లో అయ్యే ఫీల్డు, పాతబడిన మూలంతో రెట్టింపు సమయం తీసుకుంటే రోగి కదలకుండా పడుకోలేడు. కనుక లోహపు గరిష్ఠ మందం ఎంత ఉండవచ్చో నిర్ణయించేటప్పుడు కణితి పటంతో పాటు, మూలాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో ఆ తేదీని కూడా ఫిజిసిస్టు ముందు పెట్టుకోవాలి.